రూబీ ఏ జాతి గుర్రం?

అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో ఉన్న తెలుగువాళ్ళకు భానుమతి ఉద్యోగం ఏమిటో సరిగ్గా తెలియదు. "గుర్రాల ల్యాబ్‌లో ఏదో చేస్తుందట" అనుకునేవాళ్ళు. ఆమె కూడా అంతకు మించి చెప్పేది కాదు. పక్క ఊళ్ళో గుర్రపుబండి పందేల ట్రాక్ ఒకటుంది. పందెం గెలిచిన గుర్రాన్నీ, గెలవాల్సి ఉండి ఓడిపోయిన గుర్రాన్నీ ఒక కొట్టంలోకి తెస్తారు. ఏ మందన్నా ఎక్కించారేమో పరీక్షించాలంటే వాటి మూత్రం పట్టాలి. పొడుగాటి కర్రకు బిగించిన గిన్నె పట్టుకుని, మెల్లగా ఈల వేస్తూ, గుర్రం దయ కోసం కాచుకుని నిలబడటం భానుమతి పని. తిరుపతి వెటర్నరీ కాలేజీలో పట్టా పుచ్చుకున్న మనిషి. ఈ దేశపు లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారి రాసే ధైర్యం చాలలేదు.

ఆ ట్రాక్‌లో పరిగెత్తేవి స్టాండర్డ్‌బ్రెడ్ జాతి గుర్రాలు. వాటి వీపు మీద ఎవరూ ఎక్కరు. వెనక రెండు చక్రాల తేలికపాటి బండి కట్టి తోలతారు. పందెంలో ఆ గుర్రం ట్రాట్‌లోనే, అంటే ఎడమ ముందుకాలూ కుడి వెనకకాలూ జతగా పడే నడకలోనే పోవాలి. ఎంత వేగమైనా పోవచ్చు కానీ దౌడు అందుకోకూడదు. అందుకుంటే తప్పు. బండి పక్కకు లాగి, దాన్ని మళ్ళీ ట్రాట్‌లోకి తెచ్చేదాకా వెనకబడాల్సిందే.

1979 అక్టోబరులో రూబీ అనే ఆడగుర్రం వరసగా మూడు వారాలు ఆ తప్పు చేసింది. చేసిన ప్రతిసారీ తోలేవాడు నోరు చీరుకుపోయేలా పగ్గాలు గుంజాడు. మూడోసారి దాన్ని కొట్టంలోకి తెచ్చినప్పుడు పెదవి చివర నెత్తురు, పిరుదుల మీద కొరడా వాతలు. భానుమతి ఈల వేసింది. గుర్రం ఆమె వైపు తిరిగి చూసి, నాలుగు కాళ్ళూ దగ్గరకు ముడుచుకుని వణికింది.

"సోమవారం ట్రక్కు ఎక్కుతుందిలే" అన్నాడు దాన్ని పట్టుకొచ్చిన మనిషి. ఆ ట్రక్కు ఎక్కడికి పోతుందో ట్రాక్‌లో అందరికీ తెలుసు. అక్కడికి పోయినవి మాంసమై బయటికొస్తాయి.

ట్రక్కువాడు ఇవ్వబోయే ధరే తానిచ్చి, ఆదివారం నాడు భానుమతి రూబీని కొనేసింది. ఇంటికొచ్చి భర్తతో చెప్పింది. రామమోహన్ కార్ల కంపెనీలో ఇంజనీరు, నెమ్మదస్తుడు. కాఫీ కప్పు కింద పెట్టాడు.

"భానూ, నీకు గుర్రమంటే భయం కదే!"

"గుర్రమంటే కాదండీ. పరిగెత్తే గుర్రమంటే."

ఆ తేడా రామమోహన్‌కి ఒక్కడికే తెలుసు. భానుమతి తండ్రి కోటయ్య తెనాలి స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు, రైలు గేటు దగ్గర లారీ హారనుకి బెదిరి గుర్రం లంకించుకుంది. బండిలో తనొక్కతే. కింద నిలబడ్డ తండ్రి పగ్గం వదలకుండా వేలాడుతుంటే గుర్రం ఆయన్ని కొంతదూరం ఈడ్చుకుపోయింది, చివరికి ఆయన చక్రం కింద పడ్డాడు. చక్రం ఆయన తొడ మీద నుంచి ఎక్కి దిగినప్పుడు బండి ఒక్క కుదుపు కుదిపింది. ఆ కుదుపు ఆమె నడుములో ముప్పై ఏళ్ళుగా అలాగే ఉండిపోయింది.

రూబీని ఎక్కడ పెట్టాలన్నది మొదటి చిక్కు. దగ్గర్లో పేరున్న డ్రెస్సాజ్ స్టేబుల్ ఒకటుంది. డ్రెస్సాజ్ అంటే గుర్రం చేత కొలత ప్రకారం అడుగులు వేయించే పోటీ. నడక, ట్రాట్, దౌడు, మలుపు, నిలుపు అన్నీ జడ్జి ముందు చేసి చూపాలి. ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులు. అక్కడి మేనేజరమ్మ అద్దంలా తుడిచిన కొట్టాలన్నీ తిప్పి చూపించి, ఫారం తీసి పేర్లు రాసుకుంది.

"బ్రీడ్ ఏమిటి?"

"స్టాండర్డ్‌బ్రెడ్."

ఆమె పెన్నుకి మూత పెట్టేసింది. "ఏమీ అనుకోకండి. అవి బండి గుర్రాలు. వాటి వీపు వంగదు, బుర్రకెక్కదు. పక్కన అలాంటిది ఉంటే మా క్లయింట్లు ఒప్పుకోరు."

భానుమతి చెవులు వేడెక్కాయి. గుర్రాన్ని అన్న మాటకు తనకెందుకింత సిగ్గయిందో కారెక్కాక కూడా ఆమెకు అర్థం కాలేదు.

చివరికి ఊరి బయట జోన్ అనే అరవై ఏళ్ళ మనిషి పాత పాడి కొట్టంలో చోటిచ్చింది. ఒకప్పుడు డ్రెస్సాజ్ నేర్పిన మనిషి. మోకాళ్ళు అరిగిపోయి మానేసింది. రూబీ చుట్టూ రెండుసార్లు కుంటుకుంటూ తిరిగి, "ఈ జాతికి నేనెప్పుడూ నేర్పలేదు. నీలాంటిదానికీ నేర్పలేదు. ఎక్కు చూద్దాం" అంది.

ఎక్కాల్సి వస్తుందని భానుమతి అనుకోలేదు. ప్రాణం కాపాడితే చాలనుకుంది. కానీ జోన్ మొండిది. "పని లేని గుర్రాన్ని రేపు నీకేదన్నా అయితే ఎవరుంచుకుంటారు? మళ్ళీ ఆ ట్రక్కే. దానికి ఒక విద్య నేర్పు, అదే దానికి బీమా" అంది. ఆ మాట భానుమతి మనసులో ముల్లులా దిగింది. తను పోతే రూబీ ఏమవుతుందన్న భయం, రూబీ మీద ఎక్కితే తనేమవుతానన్న భయాన్ని కాస్త పక్కకు నెట్టింది. ముప్పై తొమ్మిదో ఏట, బల్ల మీద నిలబడి జీను ఎక్కింది.

ఏడాదిన్నర నడక, ట్రాట్. అంతే. రూబీ ట్రాట్ చూసి జోన్ మెచ్చుకుని ఈల వేసేది. దౌడు దగ్గరే అంతా ఆగిపోయింది. మడమతో దౌడుకు సైగ చేయగానే రూబీ చెవులు వెనక్కి పడేవి, మెడ చెమటలు పట్టేది. ట్రాట్ వేగం పెంచి, ఇంకా పెంచి, ఒళ్ళు అదిరిపోయేలా పరిగెత్తేది కానీ దౌడులోకి దిగేది కాదు. భానుమతి కూడా ఆ సైగ ఇచ్చే ముందు ఊపిరి బిగబట్టేది. నడుములో పాత కుదుపు కదిలేది.

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందంటారు" అన్నాడు రామమోహన్ ఓసారి చూడ్డానికొచ్చి.

"నేను మెత్తన కాదండీ, రాయినైపోతున్నాను" అంది భానుమతి.

1981 జూన్‌లో జోన్ బలవంతం మీద భానుమతి ఒక చిన్న డ్రెస్సాజ్ పోటీకి పేరిచ్చింది. ఫారంలో 'జాతి' అన్న గడి ఖాళీగా వదిలేసింది. అయినా బెంగ తీరలేదు. పందేల గుర్రాలకు పై పెదవి లోపల పచ్చబొట్టుతో నంబరు పొడిచి ఉంటుంది. పెదవి ఎత్తి చూస్తే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసిపోతాయి. పోటీ మైదానంలో ఎవరు ముద్దుచేయడానికి చెయ్యి చాపినా భానుమతి రూబీ తలను తన భుజం వైపు తిప్పుకునేది.

జడ్జి ఒక ట్రైలరు నీడలో టేబులు వేసుకుని కూర్చున్నాడు. తెల్లటి టోపీ, బిగించిన పెదవులు. గంట కొట్టగానే భానుమతి కళ్ళకు ఇంకేమీ కనపడలేదు. నడక, ట్రాట్ ఎలాగో గడిచాయి. మూల దగ్గర దౌడుకు సైగ చేసింది. రూబీ ట్రాట్ అందుకుంది. ట్రాక్ మీద చివరి మలుపు తిరిగినట్టు, గరిక పెళ్ళలు లేచేలా, మైదానం చుట్టూ ఒక చుట్టు చుట్టేసింది. కంచె దగ్గర ఎవరో పకపకా నవ్వారు. "బండి మరిచిపోయినట్టున్నారు!" అన్నారింకెవరో.

మార్కుల కాగితం చేతికొచ్చింది. దౌడు దగ్గర 'చూపలేదు' అని రాసి సున్నా. బాగానే వచ్చిందనుకున్న ట్రాట్‌కి కూడా నాలుగే. అడుగున ఒక వాక్యం: 'ఈ పనికి తగని రకం గుర్రం.'

ట్రైలరు దగ్గర నీళ్ళు పెడుతుంటే, థరోబ్రెడ్ అనే పేరున్న స్వారీ జాతి ఎర్రటి గుర్రాన్ని నడిపించుకుంటూ ఒక పొడుగాటావిడ ఆగింది. మర్యాదగానే అడిగింది. "ఇది ట్రాటర్ కదూ? ట్రాక్ నుంచి వచ్చిందా?"

భానుమతి రూబీ తలను తన భుజం వైపు లాక్కుంది. "కాదు, కాదు. థరోబ్రెడ్ క్రాస్" అంది.

ఆవిడ రూబీ తల వైపూ, పొడవాటి నడుము వైపూ చూసి, "అలాగా" అని వెళ్ళిపోయింది. పదమూడేళ్ళ కూతురు విద్య బకెట్ పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. అంతా వింది.

ఆ శనివారమే డాక్టరు నరసింహం గారింట్లో భోజనాలు. ఆయన భార్య పద్మిని పులిహోర వడ్డిస్తూ, "భానుమతి గారూ, మీది తెనాలే కదండీ? మా మేనమామలదీ తెనాలే. మీ నాన్నగారు ఏం చేసేవారు?" అని అడిగింది.

"ట్రాన్స్‌పోర్టు బిజినెస్ అండీ."

"ఏ ట్రాన్స్‌పోర్టు? మావాళ్ళకి తెలిసే ఉంటుంది. ఇంటిపేరేమిటన్నారు?"

"ఏమండీ, రేపు మీకు మార్నింగ్ షిఫ్ట్ కదా, బయల్దేరదామా?" అంది భానుమతి భర్త వైపు తిరిగి. రామమోహన్‌కి మర్నాడు ఏ షిఫ్టూ లేదు. ప్లేటు పక్కన పెట్టి లేచాడు.

ఆ తరవాత పద్మిని ఫోన్ చేసినప్పుడల్లా భానుమతి గుండె గుభేలుమనేది. మేనమామలకి ఉత్తరం రాసి కనుక్కుందేమో! ఇటు రూబీ పెదవి, అటు తన ఇంటిపేరు. దేన్ని ముందు ఎత్తి చూస్తారో అన్నట్టు గడిచింది ఆ ఏడాది.

1982 జనవరి, ఒక మధ్యాహ్నం. మంచు మోకాలి లోతు పడి గట్టిపడింది. జోన్ పొలం వెనక మైదానంలో భానుమతి రూబీ మీద కూర్చుని నడిపిస్తోంది. జోన్ గేటు దగ్గర ఉంది. ఉన్నట్టుండి వెనక చెట్ల లోంచి మంచు మీద నడిచే మోటారు బండి ఒకటి రంపం కోసినట్టు అరుస్తూ దూసుకొచ్చింది.

రూబీ లంకించుకుంది. ట్రాట్ కాదు, దౌడు. ఒక్క గెంతులో నేల జారిపోయినట్టయింది. భానుమతి చేతిలోంచి పగ్గాలు ఊడిపోయాయి. జూలు పట్టుకుంది. ఎదురుగా ముళ్ళతీగ కంచె పెద్దదవుతోంది. చలిగాలికి కళ్ళ నీళ్ళు కారి ఏమీ కనపడటం లేదు. చక్రాల చప్పుడు వినపడుతోందామెకి. అక్కడ చక్రాలెక్కడివి! అయినా వినపడుతోంది. "నాన్నా! నాన్నా!" అని కేక పెట్టింది. తర్వాత వచ్చే కుదుపు కోసం నడుము బిగుసుకుపోయింది.

కుదుపు రాలేదు. కంచెకు పది గజాల దూరంలో రూబీ తనంతట తనే తగ్గింది. దౌడు ట్రాట్ అయింది, ట్రాట్ నడకయింది, నిలబడిపోయింది. నిలబడి మెడ లోపలికి ముడుచుకుంది. చెవులు వెనక్కి అతుక్కుపోయాయి. ఒళ్ళంతా వణుకు. తెల్లగుడ్డు కనపడేలా ఒక కన్ను వెనక్కి తిప్పి, భానుమతి చంకలో ఇరుక్కుని మిగిలిన సన్నటి కొరడాను చూస్తోంది.

అది దెబ్బ కోసం ఎదురుచూస్తోంది.

భానుమతి కొరడాను మంచులోకి విసిరేసింది. జీను మీద నుంచి జారి దిగి మంచులో కూలబడింది. పగ్గాలు వేలాడుతున్నా రూబీ పారిపోలేదు. అక్కడే నిలబడి, కాసేపటికి ముక్కు వంచి ఆమె టోపీ వాసన చూసింది.

జోన్ రొప్పుతూ కుంటుకుంటూ వచ్చింది. "పడ్డావా? దెబ్బ తగిలిందా?"

"లేదు."

"చూశావా, దౌడు తీసింది! దానికి వచ్చు! అంత చక్కటి దౌడు..."

"ఇక నేనెక్కను జోన్" అంది భానుమతి.

అన్నట్టే ఎక్కలేదు. అయిదు వారాలు రూబీకి నేర్పడమూ మానేసింది. దాణా పెట్టడానికి కారులో బయల్దేరేది. రెండుసార్లు సగం దారి నుంచే తిరిగొచ్చేసింది. ట్రాక్‌లో ఈల వేస్తూ నిలబడ్డప్పుడు కూడా గుర్రం కాస్త కదిలితే ఒక అడుగు వెనక్కి వేసేది. అదివరకు ఆమె అలా చేసింది లేదు.

ఒకరోజు విద్యను స్కూలు నుంచి తీసుకొస్తుంటే ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది. "అమ్మా, రూబీ థరోబ్రెడ్ కాదు కదా. ఆ లేడీకి వై డిడ్ యూ లై?"

ఎనిమిది నెలలు కడుపులో దాచుకుని అడిగిన ప్రశ్న. భానుమతి కారు పక్కకు ఆపింది. వైపర్లు మంచును అటూ ఇటూ తోస్తున్నాయి. తెనాలి స్టేషను దగ్గర నుంచి మొదలుపెట్టింది. జట్కా, రైలు గేటు, చక్రం, తండ్రి కుంటికాలు, ఆ కుంటికాలితోనే మళ్ళీ పదకొండేళ్ళు బండి తోలి తనను చదివించటం, అన్నీ చెప్పింది.

"తాతయ్య ఆ గుర్రాన్ని కొట్టారా?"

"లేదు. వీధిలోవాళ్ళు కొట్టబోతే నులకమంచం మీద నుంచే అరిచాడు. బెదిరినదాన్ని కొడితే ఇంకా బెదురుతుందిరా అని."

"మరి ఇదంతా నాకెందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

"ఎవరంటే?"

పద్మిని అందామంటే, పాపం ఆవిడేం చేసింది! ఊరికే అడిగింది. భానుమతి ఇండికేటర్ వేసి కారు రోడ్డెక్కించింది. ఇంటి వైపు కాకుండా జోన్ పొలం వైపు తిప్పింది.

ఆ రోజు ఎక్కలేదు. రూబీ పక్కన నిలబడి, తాడు పొడుగ్గా వదిలి, తన చుట్టూ తిప్పింది. నాలుక చప్పరించి దౌడుకు పిలిచింది. రూబీ అనుకోకుండా రెండడుగులు దౌడు వేసి, తప్పయిపోయినట్టు టక్కున ఆగి వణికింది. భానుమతి దగ్గరకెళ్ళి కోటు జేబులోంచి చిన్న బెల్లంముక్క తీసి పెట్టింది. రూబీ నమ్మలేదు. ముక్క నోట్లో పెట్టుకుని నమలకుండా చాలాసేపు నిలబడింది.

రెండడుగులు నాలుగు కావడానికి నెల పట్టింది. ఒక చుట్టు పూర్తవడానికి ఎండాకాలం వచ్చింది. భానుమతి మళ్ళీ జీనెక్కాక, సైగ ఇచ్చే ముందు జోన్ ఆమె చేత పైకి పాట పాడించేది. ఊపిరి బిగబట్టి ఎవరూ పాడలేరు కదా! చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న ఎక్కాలు తప్ప ఇంకేమీ గుర్తురాక, భానుమతి పదమూడో ఎక్కం రాగం తీస్తూ మిషిగన్ గడ్డి మీద దౌడు నేర్చుకుంది. పడింది కూడా. రెండుసార్లు. రెండోసారి మణికట్టు విరిగింది. విచిత్రమేమిటంటే, పడ్డాక రూబీ వచ్చి పక్కన నిలబడేది, అంతే.

1983 జూన్‌లో మళ్ళీ అదే పోటీ. భానుమతి వంటింటి బల్ల మీద ఫారం పెట్టుకుని కూర్చుంది. 'జాతి' గడి దగ్గర పెన్ను ఆగింది. రామమోహన్ వెనక నిలబడి ఉన్నాడు.

"రాయకపోతే నష్టమేముందే? రాస్తేనే నష్టం."

"తెలుసండీ" అని, పెద్ద పెద్ద అక్షరాలతో 'స్టాండర్డ్‌బ్రెడ్' అని రాసింది. రాశాక ఫారం మడిచి కవరులో పెట్టి అంటించేసింది.

జడ్జి ఆ తెల్లటోపీ ఆయనే. కార్యక్రమం కాగితంలో ప్రతి గుర్రం పక్కనా జాతి అచ్చువేశారు. మైకులో ఆమె పేరు కష్టపడి పలికి, "ఎక్కింది స్టాండర్డ్‌బ్రెడ్ ఆడగుర్రం" అన్నారు. కంచె దగ్గర తలలు ఇటు తిరిగాయి. మార్కుల సంగతి ఆమెకు గుర్తేలేదు. లోపల ఒకటే ప్రార్థన: ఇది బెదరకూడదు, నేను బెదరకూడదు.

గంట మోగింది. ట్రాట్ సాఫీగా సాగింది. మొదటి మూల దగ్గర పెదవుల మధ్యే ఎక్కం అందుకుని మడమ ఆనించింది. మూడడుగులు ఆలస్యంగా రూబీ దౌడులోకి లేచింది. ఎడమవైపు చుట్టంతా నిలబెట్టుకుంది. కుడివైపు తిరిగాక మాత్రం పాత రోగం పైకొచ్చింది. ట్రాట్ వేగమెక్కసాగింది, కంచె దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. పగ్గాలు గుంజాలని భానుమతి చేతులు తహతహలాడాయి. నడుములో ఆ కుదుపు తయారుగా ఉంది. గుంజలేదు. వేళ్ళు వదులు చేసి కాచుకుంది. అవతలి మూల దాటాక, జడ్జి అడిగిన చోటుకు చాలా దూరంలో, రూబీ దౌడు తీసింది.

పదకొండు మందిలో అయిదో స్థానం. మొదటి దౌడుకు ఆరు, రెండోదానికి మూడు. ట్రాట్‌కి ఈసారీ నాలుగే. కాగితం అడుగున: 'ఓపికగా నేర్పిన పని. జాతి తగినది కాదు.' విద్య అది చదివి కాగితం నలిపేయబోయింది. భానుమతి తీసుకుని మడిచి పర్సులో పెట్టుకుంది.

థరోబ్రెడ్ ఆవిడ ఈసారీ వచ్చింది. చేతిలో కార్యక్రమం కాగితం ఉంది. భానుమతి ఆమె నోరు విప్పకముందే అనేసింది. "ఆ రోజు మీతో అబద్ధం చెప్పాను. ఇది ట్రాటరే. ట్రాక్ నుంచే తెచ్చాను."

"అప్పుడే తెలుసు నాకు" అందావిడ. రూబీ మెడ మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించింది. "కానీ నిజం రాయకుండా ఉండాల్సింది. ఇంకో పది మార్కులు పడేవి. మూడో స్థానం మీదే."

మంచి కోరే అన్న మాట అది. భానుమతి తల ఊపింది. కోపం రాలేదు. ఇంటికొచ్చాక మాత్రం రాత్రి అన్నం సహించలేదు.

రూబీ ఇంకో నాలుగేళ్ళు పోటీల్లో పాల్గొంది. మూడో స్థానం దాటింది లేదు. ఆ అద్దంలా మెరిసే కొట్టాల స్టేబుల్ వాళ్ళు స్టాండర్డ్‌బ్రెడ్‌లను తీసుకోవడం ఎప్పుడూ మొదలుపెట్టలేదు. పద్మినికి కోటయ్య సంగతి భానుమతే ఒక ఉగాదికి చెప్పింది. పద్మిని "అయ్యో, అలాగా అండీ" అని వడ్డన కొనసాగించింది. తరవాత భోజనాల పిలుపులు కొన్ని తగ్గాయి, కొన్ని తగ్గలేదు.

1988 వసంతంలో, ట్రక్కు ఎక్కబోయే మరో గుర్రాన్ని భానుమతి జోన్ పొలానికి, రూబీ పక్కకి తెచ్చింది. నల్లటిది, భారీది, కొరడా చూస్తే కంచె మీదికి ఎక్కేంత బెదురు. నలభై ఏడేళ్ళ భానుమతి మొదటిసారి దాని మీద జీను బిగిస్తుంటే కొలికి రెండుసార్లు పట్టు తప్పింది.

"ఇవాళ వద్దా?" అంది జోన్ కుర్చీలోంచి.

"ఎక్కుతాను" అంది భానుమతి. "కాస్త ఆగు. ఊపిరి అందనీ."